రేంజ్‌ఫైండర్‌కి చిన్న 50 లెన్స్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

రేంజ్‌ఫైండర్ కెమెరాలో లెన్స్ గుండా చూడం, పక్కనున్న కిటికీలో రెండు బొమ్మల్ని ఒకటిగా కలిపి ఫోకస్ చేస్తాం. ఈసారి ఉత్తరాలు రాసినవాళ్లలో చాలామంది "ఏ లెన్స్ ఎక్కువ షార్ప్?" అనే అడిగారు. మా దృష్టిలో అది రెండో ప్రశ్న. 50 మి.మీ. లెన్సుల్లో గాజు మరీ నాసిరకంగా ఉన్నవి తక్కువే. కెమెరాతో పొంతన కుదరనివి మాత్రం బోలెడు.

ప్రశ్న: నా దగ్గర లైకా ఎం6 ఉంది. ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 50 మి.మీ. ఎఫ్/2.5, స్క్రూ మౌంట్‌ది, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. షాపులో అరగంట సేపు చూసుకోమన్నారు. ఆ అరగంటలో ఏం చూడాలి? – హైదరాబాద్

జేబులో చిన్న టార్చి పెట్టుకుని వెళ్లండి. అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ అంకె తగ్గే కొద్దీ పెద్దదవుతుంది) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఏటవాలుగా వెలుగు వేసి, ముందు నుంచి చూడండి. దుమ్ము కణాలు కనిపిస్తే పట్టించుకోకండి, అవి లేని పాత లెన్స్ ఉండదు. చూడాల్సింది గాజు మీద పాలపొర లాంటి మసక, సాలెపురుగు కాళ్లలా అల్లుకున్న ఫంగస్, అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులు. ఈ మూడోది కనిపిస్తే అతికించిన గాజులు విడిపోతున్నట్టే, ఆ లెన్స్ వదిలేయండి. ముందు గాజు మీద ఒకటి రెండు సన్నటి గీతలుంటే బేరమాడటానికి పనికొస్తాయి తప్ప బొమ్మని పాడు చెయ్యవు. వెనక గాజు మీద గీతలు మాత్రం చేస్తాయి.

అపెర్చర్ రేకుల మీద నూనె కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే చూసే కెమెరా) లెన్సులో అయితే అది నిజంగానే జబ్బు, రేకులు టైముకి మూసుకోవు. ఇక్కడ రేకుల్ని కదిలించేది మీ వేలే కాబట్టి పనికి అడ్డం రాదు. కానీ ఆ నూనె ఆవిరై పక్క గాజుల మీద మసకగా పేరుకుంటుంది. ఒకట్రెండేళ్లలో సర్వీసింగ్ ఖర్చు ఉందని లెక్కలో వేసుకోండి.

తర్వాత లెన్స్ మౌంట్‌ని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో ముందు రింగుని అటూ ఇటూ ఊపండి. లొటలొటలాడకూడదు. ఫోకస్ రింగు ఇన్ఫినిటీ నుంచి 0.75 మీటర్ల దాకా ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో ఇసుక నలిగినట్టుంటే గ్రీజు ఎండిపోయిందని అర్థం. చివరికి లెన్స్ వెనక్కి తిప్పి క్యామ్ రింగు చూడండి. ఫోకస్ తిప్పినప్పుడు కెమెరా లోపలి రోలర్‌ని తోసేది అదే, వ్యూఫైండర్‌లో ప్యాచ్ (బొమ్మ రెండుగా కనిపించే నడిమి చిన్న గడి, రెండూ కలిస్తే ఫోకస్ అయినట్టు) కదిలేది దాని వల్లే. దాని అంచు మీద సొట్ట గానీ ఆకురాయి గీతలు గానీ ఉంటే ఎవరో ముందే వైద్యం చేశారన్నమాట.

ఇది 39 మి.మీ. స్క్రూ లెన్స్ కాబట్టి మీ ఎం6కి ఉన్న ఎం మౌంట్‌కి అడాప్టర్ కావాలి. స్క్రూ కెమెరాలో మౌంట్ నుంచి ఫిలిం దాకా 28.8 మి.మీ., ఎం కెమెరాలో 27.8, మధ్య తేడా 1 మి.మీ.నే అడాప్టర్ పూడుస్తుంది. "50/75" అని రాసి ఉన్నదే అడగండి, లేకపోతే వ్యూఫైండర్‌లో వేరే ఫ్రేమ్‌లైన్లు (బొమ్మలో ఎంత మేర వస్తుందో చూపే గీతలు) వస్తాయి. చవక అడాప్టర్ల మందంలో తేడాలుంటాయి. విచిత్రమేమిటంటే 50 లెన్స్‌కి దాని వల్ల జరిగే నష్టం తక్కువ. గాజూ క్యామూ రెండూ కలిసి అంతే జరుగుతాయి కాబట్టి ప్యాచ్ నిజమే చెబుతుంది. ఇన్ఫినిటీ ఆగే చోటు మాత్రం తప్పుతుంది. మందం ఎక్కువైతే దూరపు వస్తువు మీద ప్యాచ్ కలవకుండానే రింగు ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. అయిదు అగ్గిపెట్టెల్ని నిలబెట్టి, ఒక్కోటి ముందుదానికి 2 సెం.మీ. వెనగ్గా, కొంచెం పక్కకి పెట్టండి. కెమెరా స్టాండు మీద, నడిమి పెట్టెకి సరిగ్గా మీటరు దూరంలో ఉండాలి. ఎఫ్/2.5లో ఆ దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 5.7 సెం.మీ. కాబట్టి నడిమి మూడు పెట్టెలూ బాగుండి, రెండు చివరలవీ ఒకేలా మసకబారాలి. ఇన్ఫినిటీ వైపు నుంచి తిప్పుతూ రెండుసార్లు, దగ్గర వైపు నుంచి తిప్పుతూ రెండుసార్లు ఫోకస్ చేసి తీయండి. ఫలితాలు వైపుని బట్టి మారితే హెలికాయిడ్‌లో (ఫోకస్ తిప్పే మరల గొట్టంలో) వదులు ఉంది. అన్నీ ఒకే వైపు తప్పితే సర్దుబాటు అవసరం, అది చేయించుకోవచ్చు. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది మంచి లెన్సుల్ని వెనక్కిచ్చేస్తుంటారు.

షాపులో డిజిటల్ ఎం బాడీ ఉంటే పని అయిదు నిమిషాల్లో తేలుతుంది. లేకపోతే మీ ఎం6లో ఫిలిం లేకుండా అడుగు పలక తీసి, వెనక తలుపు తెరిచి, ఫిలిం ఆనే లోపలి పట్టాల మీద గరుకు సెల్లోటేపు బిగుతుగా అంటించండి. షటర్‌ని బి (నొక్కి ఉంచినంతసేపూ తెరిచి ఉండే అమరిక) మీద పెట్టి, కేబుల్ రిలీజ్‌తో తెరిచి ఉంచి, భూతద్దంతో ఆ టేపు మీద పడిన బొమ్మ చూడండి. టేపు షటర్ గుడ్డకి తగలకుండా జాగ్రత్త. ఇంటికెళ్లే ముందు జిగురు మరక మిగల్లేదని చూసుకోండి.

ఒక్క మాట. ఈ పరీక్షకి ముందు, ఇప్పటికే నమ్మకంగా పనిచేస్తున్న మీ వేరే లెన్స్‌తో ఒకసారి చేసి చూడండి. తప్పు కెమెరాదైతే లెన్స్‌ని నిందించి లాభం లేదు.

ప్రశ్న: లైకా బాడీ మీద జూపిటర్-8 వాడుతున్నాను. దూరపు దృశ్యాలు బ్రహ్మాండంగా వస్తున్నాయి. మీటరు దూరంలో ఎఫ్/2లో కంటి మీద ఫోకస్ చేస్తే కణత దగ్గర వెంట్రుకలు స్పష్టంగా, కన్ను మసకగా వస్తోంది. లెన్స్ పాడైందా? – విజయవాడ

పాడవలేదు. అది వేరే కొలతకి పుట్టిన లెన్స్. జూపిటర్-8 పాత జైస్ సోనార్ 50 మి.మీ. ఎఫ్/2కి సోవియట్ రూపం. జైస్ వాళ్ల కాంటాక్స్ కెమెరాలకి 50 అని రాసిన లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్‌ని 52.4 మి.మీ.గా పెట్టుకున్నారు, సోవియట్ ఫ్యాక్టరీలు అదే పాటించాయి. లైకా రేంజ్‌ఫైండర్ 51.6కి సర్ది ఉంటుంది. ఇన్ఫినిటీలో ఇద్దరూ కలుస్తారు. దగ్గరికొచ్చే కొద్దీ, క్యామ్ తోసినంత మేర గాజు ముందుకొచ్చినా అది చాలదు, ఫోకస్ వెనక్కి పడుతుంది. మీటరు దగ్గర ఆ తేడా సుమారు 3 సెం.మీ. ఎఫ్/2లో అక్కడ స్పష్టమైన లోతు మొత్తం 4.5 సెం.మీ., అంటే ఫోకస్‌కి ముందువైపు సుమారు 2.2 మాత్రమే. మీరు తీసిన కన్ను ఆ లోతుకి బయట ఉండిపోయింది. ఎఫ్/4కి వస్తే లోతు 9 సెం.మీ. అవుతుంది, తప్పు దాక్కుంటుంది. సోవియట్ కెమెరా జోర్కీ మీద ఇదే లెన్స్ ఈ గొడవ లేకుండా పనిచేస్తుంది.

మరమ్మతు ఉంది. గాజులున్న ముందు భాగాన్ని ఫోకస్ గొట్టం నుంచి విప్పితే మధ్యలో పల్చటి లోహపు రింగు, షిమ్, ఉంటుంది. దానికి 0.08 మి.మీ. మందం కలిపితే మీటరు దగ్గర ఫోకస్ కంటి మీదికి వస్తుంది. దానికి మూల్యం ఇన్ఫినిటీలో చెల్లించాలి, రింగు చివరిదాకా తిప్పినా లెన్స్ నిజంగా ఫోకస్ అయ్యేది సుమారు 34 మీటర్ల దగ్గరే. కొండలూ గోపురాలూ తీసేటప్పుడు ఎఫ్/4, ఇంకా మేలు ఎఫ్/5.6 పెడితే అది కనిపించదు. మనుషుల్ని దగ్గర నుంచి తీసేవాళ్లకి లాభసాటి బేరమే. రెండూ సమంగా కావాలంటే 0.04 దగ్గర ఆగండి.

షిమ్‌కి ఇత్తడి రేకే వాడండి. కాగితం నలిగి మందం మారుతుంది. షిమ్ వేశాక ముందు భాగం కొంచెం తక్కువ తిరిగి బిగుస్తుంది, కాబట్టి అపెర్చర్ అంకెల ఎదుట ఉండే చుక్క పక్కకి జరుగుతుంది. అది తప్పు కాదు, అలవాటు పడాల్సిందే. ఇంకో మాట: ఈ లెన్సుల్ని దశాబ్దాలుగా ఎందరో విప్పి బిగించారు. పైన చెప్పిన అంకెలు ఎవరూ ముట్టుకోని లెన్స్‌కి వర్తిస్తాయి. మీది ముందు అగ్గిపెట్టెలతో కొలిచి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

ప్రశ్న: ఎం6 మీదికి ఫోక్ట్‌లాండర్ నోక్టన్ 40 మి.మీ. ఎఫ్/1.4 అనుకుంటున్నాను. చిన్నగా, తేలిగ్గా ఉంది. 40కి ఫ్రేమ్‌లైన్లు లేవు కదా? – వరంగల్

లేవు. 175 గ్రాముల బరువుకి ఎఫ్/1.4 దొరకడం నిజంగా ఆకర్షణే, కానీ ఎం6లో అది 50 గీతల్ని తెస్తుంది. బొమ్మలోకి వెడల్పునా ఎత్తునా పావు వంతు అదనంగా వస్తుంది. పైగా 50 గీతలు దగ్గరి దూరానికి సరిపోయేలా గీసినవి, దూరపు దృశ్యంలో ఇంకా ఎక్కువ చేరుతుంది. ఫ్రేమ్ ఎంపిక మీటని వేలితో 35 వైపు నొక్కి, ఆ గీతల లోపలి అంచు వరకే లెక్కపెట్టుకుంటే 40కి చాలా దగ్గరగా ఉంటుంది. కొందరు లెన్స్ మౌంట్ చెవిని ఆకురాయితో అరగదీసి 35 గీతలే వచ్చేలా చేసుకుంటారు. తిరిగి అమ్మే ఉద్దేశం ఉంటే ఆ పని వద్దు. 40 గీతలు పుట్టుకతోనే ఉన్న కెమెరాలు ఉన్నాయి: లైకా సీఎల్, మినోల్టా సీఎల్ఈ, బెస్సా ఆర్3ఏ. అయితే సీఎల్‌లో రేంజ్‌ఫైండర్ ప్రభావ దూరం (ఇది ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం) 19 మి.మీ. లోపే, ఎం6లో సుమారు 50. ఎఫ్/1.4ని దగ్గరలో సీఎల్ మీద నమ్మకండి.

వేగమైన చిన్న లెన్స్ ఏది కొన్నా ఫోకస్ షిఫ్ట్ చూడాలి. అపెర్చర్ మూసే కొద్దీ ఫోకస్ వెనక్కి జరగడం అది. జైస్ సీ సోనార్ 50 ఎఫ్/1.5 ఇందుకు పేరుమోసింది. ఎఫ్/1.5కి సర్దితే ఎఫ్/2.8లో తప్పుతుంది, ఎఫ్/2.8కి సర్దితే పూర్తిగా తెరిచినప్పుడు తప్పుతుంది. పై అగ్గిపెట్టెల పరీక్షనే కెమెరా ముట్టుకోకుండా ఎఫ్/1.4, 2, 2.8, 4లలో చేయండి. ఎక్కువ వాడే అపెర్చర్‌లో సరిగ్గా ఉంటే చాలు.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఇల్లు. లెన్సుల్ని తోలు సంచుల్లో పెట్టి బీరువాలో, కలరా ఉండలు వేసి దాస్తున్నాను. సరేనా? – కాకినాడ

రెండూ తప్పే. తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి అదే తిండి. కలరా ఉండల ఆవిరి గాజు మీద పొరగా దిగుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. మరీ ఎండబెడితే గ్రీజు గట్టిపడుతుంది. నీలం జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది కాబట్టి దాన్ని వంట బాణలిలో వేడి చెయ్యకండి. నారింజ రంగుది కొనండి.

ప్రశ్న: ఇవే లెన్సులు సోనీ ఏ7 మీద వాడొచ్చా? – డాలస్

వాడొచ్చు. అక్కడ రేంజ్‌ఫైండర్ లేదు, తెర మీద పెద్దది చేసి చూసి ఫోకస్ చేస్తారు కాబట్టి పైన చెప్పిన జూపిటర్ తంటా ఉండదు. ఎం నుంచి ఈ-మౌంట్‌కి అడాప్టర్ 9.8 మి.మీ. ఉండాలి. అమ్మేవాళ్లు ఇన్ఫినిటీ దాటేలా కావాలనే కొంచెం పల్చగా చేస్తారు, అందువల్ల లెన్స్ మీది దూరపు అంకెల్ని నమ్మి తీయలేరు. సోనీ సెన్సర్ ముందు గాజు సుమారు 2 మి.మీ. మందం, లైకా డిజిటల్ ఎంలలో అంతకంటే చాలా పల్చన. వైడ్ లెన్సుల మూలలు దీనివల్ల చెడతాయి. 50లో ఎఫ్/5.6 దాటాక పెద్దగా తెలియదు.

ప్రశ్న: లోపలికి ముడుచుకునే పాత 50 కొన్నాను. తీసినవన్నీ మసకే! – తిరుపతి

గొట్టాన్ని పూర్తిగా బయటికి లాగాక, ఆగేదాకా తిప్పి తాళం వెయ్యాలి. సగం లాగితే ప్యాచ్ యథావిధిగా కలుస్తుంది, ఫోకస్ మాత్రం ఉండదు. డిజిటల్ బాడీ మీద పెడితే అసలు ముడవకండి, గొట్టం వెనక అంచు లోపలి భాగాలకి గీసుకోవచ్చు.