వారం శిక్షణతో పగులు లోతు కొలవడం వస్తుందా?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. వారం రోజుల్లో ఎడ్డీ కరెంట్ పరీక్షలో లెవెల్-2 సర్టిఫికెట్ ఇప్పిస్తామని, లోహపు భాగాల మీది పగుళ్లు కొలిచే ఉద్యోగం ఖాయమని ఒక శిక్షణ కేంద్రం వారు చెబుతున్నారు. ఫీజు కట్టమంటారా?"

ఇప్పుడే కట్టకండి. పని గౌరవప్రదమైనదే, కాని వారంలో చేతికొచ్చేది కాదు.

లోహం మీద ఆనించే పెన్సిలంత సాధనం ప్రోబ్. దాని కొసన ఉండే తీగచుట్టలో ఏసీ కరెంటు పారినప్పుడు లోహం పైపొరలో సుడి కరెంట్లు, అంటే ఎడ్డీ కరెంట్లు, పుడతాయి. పగులు అడ్డొస్తే అవి దారి మళ్లుతాయి, ఆ మార్పుకు యంత్రం తెర మీది చుక్క కదులుతుంది. ప్రోబ్ కొద్దిగా పైకి లేచినా చుక్క కదులుతుంది కనుక, ఆ కదలిక అడ్డంగానూ పగులు సంకేతం నిలువుగానూ కనిపించేలా ముందే అమర్చుకోవాలి. ఈ యంత్రం లోతును నేరుగా కొలవదని చాలామందికి తెలియదు. 0.2, 0.5, 1 మిల్లీమీటరు లోతు గాట్లున్న నమూనా దిమ్మె మీద వచ్చిన సంకేతాలతో పోల్చి మనిషే అంచనా కట్టాలి. పైగా, శుద్ధ అల్యూమినియంలో 100 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు సాంద్రత సుమారు 0.26 మిల్లీమీటర్ల లోతుకే ఉపరితలం మీద ఉన్నదానిలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది కనుక, అంతకు చాలా లోతైన పగుళ్ల మధ్య తేడా పట్టడం కష్టమవుతుంది. దిమ్మె మీది గాటు నోరు తెరిచి ఉంటుంది. వాడుకలో అలసిన లోహంలో పుట్టిన పగులు బిగుసుకుని ఉండి, అంచులు తాకుతూ, ఉన్నదానికన్నా తక్కువ లోతు చూపించవచ్చు. ఇది చేసి చేసి నేర్చుకోవలసిందే.

ఇక సర్టిఫికెట్ విషయం. ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ అనే అమెరికన్ మార్గదర్శక పద్ధతిలో ధ్రువీకరణ బాధ్యత యజమాని సంస్థది; ఆ ఉద్యోగం వదిలితే కొత్త సంస్థ మళ్లీ ధ్రువీకరించాలి. ఐఎస్ఓ 9712 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో స్వతంత్ర సంస్థ పరీక్ష పెడుతుంది. రెండింటిలోనూ శిక్షణతో పాటు పని అనుభవం తప్పనిసరి కనుక, తరగతి గది కాగితం ఒక్కటే సరిపోదు. దగ్గరి చూపు, రంగుల మధ్య తేడా గుర్తించడం కూడా పరీక్షిస్తారు. ముందు కంటి డాక్టరుకు చూపించండి, ఖర్చు తక్కువ.

నా సలహా ఏమిటంటే, అబ్బాయి ముందుగా పెనెట్రెంట్ (పగుళ్లలోకి రంగు ద్రవం ఇంకించి చూసేది), మాగ్నెటిక్ పార్టికల్ (అయస్కాంతం పట్టించి ఇనుప పొడి చల్లి చూసేది), అల్ట్రాసోనిక్ (అతిధ్వని తరంగాలతో చూసేది) పరీక్షల్లో మొదటి స్థాయి నేర్చుకుని, ఏదైనా ఇన్‌స్పెక్షన్ కంపెనీలో సహాయకుడిగా చేరాలి. రైస్‌మిల్లు షాఫ్టు కీ గాడి మూలలో పుట్టే పగులును వెతకడానికి, ఉక్కు కాబట్టి, సాధారణంగా మాగ్నెటిక్ పార్టికల్ పద్ధతే ముందు వాడతారు. విమానాల అల్యూమినియం భాగాలకు, దామరచర్ల వంటి థర్మల్ కేంద్రాల్లో అయస్కాంతం పట్టని కండెన్సర్ గొట్టాలకు ఎడ్డీ కరెంట్ పనికొస్తుంది కనుక, ఆ పనులు చేసే సంస్థ దొరికాక దాని శిక్షణ తీసుకుంటే మేలు.

అప్పటికీ ఆ కేంద్రానికే వెళ్లాలనుకుంటే, ఒక్కో విద్యార్థి చేతిలో ప్రోబ్ రోజుకు ఎన్ని గంటలు ఉంటుందో, గాట్ల దిమ్మె కాక నిజమైన పగులున్న ముక్కలు ఎన్ని ఉన్నాయో అడిగి, ఆ జవాబు రసీదు మీద రాసిమ్మనండి.