ఈఎంఐలో పర్షియన్ పిల్లిని కొనొచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నాం. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 74,000 చేతికొస్తాయి. అద్దె 18,000, పాప స్కూలు ఫీజు నెలకు 6,500, పర్సనల్ లోన్ ఈఎంఐ 11,200 (ఇంకా 14 నెలలుంది), ఇంటి ఖర్చు 22,000, భీమవరంలో ఉన్న అత్తమామలకు 5,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 5,000. బ్యాంకులో 45,000 ఉన్నాయి. మా తొమ్మిదేళ్ల పాప పిల్లి కావాలని ఏడాదిగా అడుగుతోంది. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన 40 రోజుల పర్షియన్ కూనను 28,000కు ఇస్తానన్నాడు. పంచ్ ఫేస్ (చప్పిడి ముఖం) అట, బాగా డిమాండ్ అట. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ వస్తుంది. మావారేమో జంతు సంరక్షణ కేంద్రంలో రెండేళ్ల నాటు పిల్లి ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ టీకాలూ అయిపోయాయి, డబ్బేమీ తీసుకోరు, దాన్నే తెచ్చుకుందాం అంటున్నారు. ఊరికే వచ్చేదానికి తర్వాత రోగాల ఖర్చు ఎక్కువవుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీవారు చెప్పినట్టు చేయండి. రెండేళ్ల పిల్లినే తెచ్చుకోండి. ఎందుకో మీరిచ్చిన అంకెలతోనే చెబుతాను.

ఖర్చులన్నీ పోగా మీకు నెలకు మిగిలేది 6,300. కూనకు పెట్టే 28,000 మీద 16 శాతం వడ్డీతో 12 నెలలంటే నెలకు సుమారు 2,540 కట్టాలి. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే చివరికి 31,000 దాటుతుంది. అది కూడా పెద్ద సమస్య కాదు. అసలు ఖర్చు పిల్లి ఇంటికొచ్చాక మొదలవుతుంది.

పర్షియన్‌కు నెలవారీ నా అంచనా ఇది: తిండికి 2,000, లిట్టర్‌కు (మలమూత్రాల ట్రేలో పోసే ఇసుకలాంటిది) 700, బొచ్చు దువ్వి శుభ్రం చేయించే గ్రూమింగ్‌కు 1,200, టీకాలు, నులిపురుగుల మందు, కళ్ల మందులు నెలకు పంచి చూస్తే 700, ఎండాకాలం పగలంతా వేసే ఏసీ బిల్లు నెలకు పంచితే 400. మొత్తం 5,000. దాని బొచ్చును రోజూ దువ్వాలి. నాలుగు రోజులు వదిలేస్తే ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది, అప్పుడు గ్రూమర్ దగ్గర మొత్తం గొరిగించడం తప్ప దారి ఉండదు. మీరిద్దరూ ఉద్యోగస్తులు కాబట్టి ఆ 1,200 తీసేయలేకపోయాను. ఈఎంఐతో కలిపి నెలకు 7,540 అవుతుంది. మిగిలేది 6,300. అంటే మొదటి ఏడాదంతా ప్రతి నెలా 1,240 లోటు. దాన్ని పూడ్చడానికి సిప్ ఆపుతారు, లేదా కార్డు మీద మినిమమ్ డ్యూ (బిల్లులో కనీస మొత్తం) మాత్రమే కట్టి నెట్టుకొస్తారు. రెండోది మొదలైతే బయటపడటం కష్టం. బాకీ మిగిలిన కార్డు మీద పడే వడ్డీ ఏడాదికి 36 శాతం పైమాటే.

నాటు పిల్లికి తిండి 1,400, లిట్టర్ 700, వైద్యం 400. మొత్తం 2,500లో సరిపోతుంది. పొట్టి బొచ్చును అదే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. రెండింటికీ తేడా నెలకు 2,500, ఏడాదికి 30,000. ఇంట్లో పెరిగే పిల్లి 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. పన్నెండేళ్లే అనుకున్నా, ఈనాటి ధరల్లోనే తేడా 3,60,000. మీ పాప ఇంజినీరింగ్ చదువు దాకా ఈ ఖర్చు మీతోనే ఉంటుంది.

ఇక రోగాల భయం. మీ లెక్క సరిగ్గా తిరగబడేది ఇక్కడే. పంచ్ ఫేస్ అని అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే ఆ చప్పిడి ముఖమే ఖర్చుకు మూలం. ముక్కు లోపలికి నొక్కుకుపోవడంతో ఊపిరి కష్టం, కన్నీటి నాళాలు వంకర తిరగడంతో కళ్లు నిత్యం కారుతుంటాయి, వేడిని తట్టుకోలేవు. మన ఏప్రిల్, మే ఎండలు మీకు తెలిసినవే. దానికితోడు పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వంశపారంపర్య వ్యాధి ఉంది, పీకేడీ అంటారు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉంటే చాలు, ప్రతి కూనకూ వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి జన్యు పరీక్ష ఉంది. తల్లికీ తండ్రికీ చేయించిన రిపోర్టులు చూపించమని ఆయన్ను అడిగి చూడండి. వంశావళి కాగితాలు ఉన్నాయా అనీ అడగండి. ఆ రెండూ లేకపోతే మీరు 28,000 పెడుతున్నది జాతికి కాదు, తెల్ల బొచ్చుకు.

ఇంకో సంగతి, 40 రోజుల కూన అన్నారు. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కూనను దుకాణంలో అమ్మకూడదు. ఇంటి నుంచి అమ్మినా కూన వయసు మారదు కదా. తల్లి దగ్గరుండాల్సిన రోజులవి. టీకాల వరుస ఇంకా పూర్తికాని కూనకు ప్రాణాంతక విరేచనాల జబ్బు సోకితే మూడు రోజుల ఆసుపత్రి బిల్లు 20,000 దాటొచ్చు, అప్పటికీ బతుకుతుందన్న భరోసా లేదు. ఆరు నెలలకు ఆపరేషన్ ఖర్చు వేరే.

సంరక్షణ కేంద్రం పిల్లి అసలు ఖర్చే లేనిది అనను. టీకాల కార్డు అడగండి, ఆపరేషన్ తేదీ చూడండి, రక్తపరీక్ష చేశారో లేదో కనుక్కోండి, తెచ్చిన వారంలో డాక్టరుకు చూపించండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. రెండేళ్ల పిల్లి స్వభావం ఎలాంటిదో అక్కడ చూసుకునేవాళ్లకు తెలుసు. పిల్లలతో ఎలా ఉంటుందో అడగండి. పాపను తీసుకెళ్లి గంటసేపు దాని దగ్గర కూర్చోబెట్టండి. కూన విషయంలో ఈ అవకాశం మీకుండదు.

తిండి దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. పాలన్నం, పెరుగన్నం పెడితే పెరుగుతుందని పెద్దవాళ్లు అంటారు. పిల్లి మాంసాహారి. మాంసంలో దొరికే టౌరిన్ అందకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఆ 1,400 అందుకే రాశాను.

ఇక డబ్బు సర్దుబాటు. బ్యాంకులోని 45,000లోంచి 8,000 దాటకుండా తీసి బాల్కనీకి, కిటికీలకు నెట్, మోసుకెళ్లే బుట్ట, లిట్టర్ ట్రే, గోళ్లు గీరుకునే పలక, మొదటి చెకప్ ముగించండి. నెలవారీ 6,300లో పిల్లికి 2,500 పోతే 3,800 ఉంటుంది. అందులో 2,000కు పిల్లి పేరు చెప్పి ఒక రికరింగ్ డిపాజిట్ తెరవండి. ఏడాదికి 24,000 పైన చేరుతుంది, ఆసుపత్రి బిల్లుకైనా, సంక్రాంతికి భీమవరం వెళ్లినప్పుడు పిల్లిని అప్పగించి వెళ్లే బోర్డింగ్‌కైనా అదే. బీమా గురించి అడుగుతారేమో. పిల్లులకిచ్చే పాలసీలు మన దగ్గర తక్కువ, పుట్టుకతో వచ్చే జబ్బులను సాధారణంగా మినహాయిస్తారు. ఈ డిపాజిటే మీ బీమా. మిగిలిన 1,800 అత్యవసర నిధికి. సిప్ తీసేసి చూసినా మూడు నెలల ఖర్చంటే మీకు 1,88,000 కావాలి, చేతిలో ఉన్నది అందులో పావు వంతు కూడా కాదు. 14 నెలల తర్వాత లోన్ తీరి 11,200 ఖాళీ అవుతుంది, అది పూర్తిగా ఈ నిధికే వెళ్లాలి.

కేంద్రానికి విరాళం ఇవ్వాలనుకుంటే విరాళంపై పన్ను మినహాయింపు ఇప్పించే రిజిస్ట్రేషన్ దానికి ఉందో చూసి ఆన్‌లైన్‌లో ఇవ్వండి. పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు వస్తుంది.

పాపకు బొచ్చు పిల్లే కావాలని గట్టిగా ఉంటే, పెంచలేక వదిలేసిన పర్షియన్లు కూడా ఈ కేంద్రాలకు వస్తుంటాయి, చెప్పి ఉంచితే కబురు చేస్తారు. కానీ నెలకు 5,000 ఖర్చు దానికీ తప్పదు, కాబట్టి లోన్ తీరేదాకా ఆ ఆలోచన వద్దు. ఇంటి ఓనర్‌తో ముందే మాట్లాడి, పిల్లిని పెంచుకోవడానికి ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. మీది నాలుగో అంతస్తు కాబట్టి నెట్ బిగించాకే పిల్లిని ఇంటికి తీసుకురండి.