మూడో వరుసకి చల్లగాలి అందట్లేదా? గ్యాస్ కంటే ముందు గాలి దారి చూడండి

ముందు సీట్లో వాళ్లు చలికి ముడుచుకుంటుంటే మూడో వరుసలో పిల్లలు చెమటతో తడిసిపోతున్నారు, పైగా తలుపు వేసిన ప్రతిసారీ చెవులు దిబ్బడేస్తున్నాయి, వెనక ఏసీకి వేరే కంప్రెసర్ ఉంటుందా అని అడిగారు కదా. మీరు రెండు వేర్వేరు సమస్యలుగా రాశారు గానీ, నా ఏడు సీట్ల బండిలో ఈ రెండూ కలిసే వచ్చాయి. రెండిటి కారణాలూ డిక్కీ పక్కనే దొరికాయి. అందుకే కాస్త పొడుగ్గా చెబుతున్నాను.

కంప్రెసర్ సంగతి ముందు, అంటే ఏసీ గ్యాస్‌ని ఒత్తి గొట్టాల్లో తిప్పే పంపు. మామూలుగా ఒక్కటే, బానెట్ కింద. అసలు ‘వెనక ఏసీ’ అనే మాట కింద మూడు రకాలు నడుస్తున్నాయి. మొదటిది, ముందు కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) దగ్గర చల్లబడిన గాలినే గేర్ దగ్గరి కన్సోల్ లోపలినుంచి ఒక గొట్టంలో వెనక్కి పంపడం. రెండోది, వెనక ఒక బ్లోయర్ మాత్రమే ఉండటం. దానికి సొంత కాయిల్ ఉండదు, బండిలో ఉన్న గాలినే లాగి మొహం మీదకి తోస్తుంది. ఫ్యాన్ అనుకోండి, అంతే. మూడోదే అసలైనది: వెనక పక్క ప్యానెల్‌లో విడిగా కూలింగ్ కాయిల్, దానికి ముందు ద్రవం ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, బ్లోయర్ ఉంటాయి. ముందునుంచి రెండు గొట్టాలు బండి అడుగున వెనక్కి వెళ్తాయి. సన్నదాంట్లో ఏసీ గ్యాస్ ద్రవంగా వెళ్తుంది, అది కాయిల్‌లో ఆవిరై వేడి పీల్చుకుని లావుదాంట్లో తిరిగొస్తుంది. మీ బండిలో పైకప్పు వెంట్లు ఉన్నాయన్నారు కాబట్టి ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. అయినా నమ్మకండి, బ్లోయర్ రకానికి కూడా పైన వెంట్లు పెడతారు. ముందు ఏసీ బాగా నడుస్తున్నప్పుడు పైకప్పు వెంట్ దగ్గర చెయ్యి పెట్టండి. మిగతా బండిలో గాలికంటే అది స్పష్టంగా చల్లగా ఉంటే వెనక కాయిల్ ఉన్నట్టే.

ఇప్పుడు నా కథ. వెనక చల్లబడట్లేదంటే మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు, నింపించాను. రెండు రోజులు బాగున్నట్టే అనిపించింది. అది నా మనసు చేసిన మాయ. రెండు కాయిల్స్‌కీ గ్యాస్ ఒక్కటే, ముందు వణికిస్తుంటే గ్యాస్‌ని మొదటి ముద్దాయిగా నిలబెట్టడం కష్టం. గ్యాస్ కొంచెం తగ్గినప్పుడు ఒక కాయిల్ ముందుగా డీలా పడటం కూడా ఉంటుంది, కాదనను. కానీ పైసా ఖర్చు లేని పరీక్షలు అయ్యాకే అటు వెళ్లండి.

ఒకరోజు సామాన్లు లేకుండా బయల్దేరాం. మా చిన్నాడు వెనకనుంచి ‘నాన్నా, ఇవాళ గాలి గట్టిగా వస్తోంది’ అన్నాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. డిక్కీ పక్క గోడకి కింద ఒక జాలీ ఉంటుంది. కొన్నప్పటినుంచీ దాన్ని స్పీకరే అనుకున్నాను! టిష్యూ కాగితం దగ్గరికి తీసుకెళ్తే చేతిలోంచి లాక్కున్నట్టు టప్‌మని అతుక్కుంది. వెనక బ్లోయర్ గాలి పీల్చుకునే ముక్కు అదే. ప్రతి ప్రయాణంలోనూ నేను పెద్ద సూట్‌కేసుని సరిగ్గా దానికే ఆనించి పెడుతున్నాను. జాలీ లోపల దుమ్ము, బట్టల నూగు కలిసి ఒక మెత్తటి పొర కట్టేసింది. బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో శుభ్రం చేసి, సామానుకీ దానికీ మధ్య జానెడు ఖాళీ వదలడం మొదలుపెట్టాక సగం సమస్య పోయింది.

మిగతా సగం ఆ తలుపుల గొడవతోనే ముడిపడి ఉంది. బయటి గాలి ముందు అద్దం కింద ఉండే జాలీ గుండా, క్యాబిన్ ఫిల్టర్ దాటి, ముందు బ్లోయర్ ద్వారా లోపలికి వస్తుంది. వచ్చింది పోవాలిగా? పోయే దారి వెనక ఉంటుంది. చాలా బళ్లలో వెనక బంపర్ చాటునో పక్క ప్యానెల్ వెనకో, ప్లాస్టిక్ చట్రంలో పల్చటి రబ్బరు రెక్కలు వేలాడుతుంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే బయటికి తెరుచుకుంటాయి, లేకపోతే మూసుకుంటాయి. తలుపు గట్టిగా వేసినప్పుడు లోపల కుక్కుకుపోయిన గాలి కూడా అటే పోవాలి.

నేను ఆ మధ్య చప్పుడు తగ్గుతుందని డిక్కీ గోడలకి డ్యాంపింగ్ షీట్ వేయించాను. పక్క ప్యానెల్ విప్పి చూస్తే ఆ పనివాళ్లు రబ్బరు రెక్కల మీదనుంచే షీట్ అతికించేశారు. అరచేయంత చట్రం, దాని మీద నున్నగా తళతళలాడే రేకు. బ్లేడుతో చుట్టూ కోసి తీశాను. రెక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, ఊదితే రెపరెపలాడాయి. ఆ సాయంత్రం నాలుగు తలుపులూ వేసి చూస్తే, రెండుసార్లు బాదితే గానీ పడని తలుపు ఒక్క తోపుకే పడింది. వానల్లో అద్దాలకి ఆవిరి పట్టడం కూడా తగ్గింది.

దీనికీ వెనక చల్లదనానికీ సంబంధం ఏమిటంటే, లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కినప్పుడు ముందు బ్లోయర్ డ్యాష్‌బోర్డు కిందనుంచే గాలి లాక్కుంటుంది. ముందు వెంట్లలో వచ్చిన చల్లగాలిలో చాలా వాటా అక్కడక్కడే చక్కర్లు కొడుతుంది. బయటి గాలి పెట్టినప్పుడు పోయే దారి వెనక ఉంది కాబట్టి ప్రవాహమే వెనక్కి సాగుతుంది. ఆ దారి మూసుకుపోతే అదీ ఉండదు. పైగా వెనక యూనిట్ సాధారణంగా లోపలి గాలినే తిప్పుతుంది, దానికి బయటినుంచి దారి లేదు. తాజా గాలి ముందునుంచి రావాల్సిందే.

నేను చేసేది ఇది: ఎండలో నిలబెట్టిన బండి అయితే ఒకటి రెండు నిమిషాలు అద్దాలు దించి నడుపుతాను, లోపలి గాలి బయటికంటే వేడిగా ఉంటుంది మరి. తర్వాత లోపలి గాలి బటన్, బ్లోయర్ గట్టిగా. చల్లబడ్డాక మధ్య వెంట్లని పైకి తిప్పి, సీట్ల మధ్యనుంచి వెనక్కి వెళ్లేలా పెడతాను. అరగంటకోసారి కాసేపు బయటి గాలికి మారుస్తాను. బండి నిండా జనం ఉండి అదే గాలి తిరుగుతుంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కి మత్తుగా ఉంటుంది.

దుమ్ము వస్తోందని ఎవరైనా ఆ రెక్కలకి టేపు వేయమంటే వినకండి. రెక్క చిరిగితే మార్పించండి. డిక్కీ తలుపు తెరిచి నడపడం కూడా వద్దు. ఈ బళ్ల వెనక భాగం నిటారుగా ఉండటంతో అక్కడ ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ లోపలికి చేరుతుంది. అందులో వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

సామాన్లు తీసేసి టిష్యూ పరీక్ష చేయండి. అతుక్కోకపోతే వెనక బ్లోయర్ ఫ్యూజు చూడండి, చాలా బళ్లలో దానికి విడిగా ఉంటుంది. అతుక్కుని కూడా పైన గోరువెచ్చని గాలే వస్తుంటే, అప్పుడు ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్లి, అడుగున వెనక్కి పోయే గొట్టాల్లో ఎక్కడైనా లీకు ఉందేమో చూడమనండి. రాళ్లు తగిలేదీ, తుప్పు పట్టేదీ అక్కడే.