తండ్రి లేని మగ ఈగ సరే, తండ్రి ఉన్న మగ ఈగ సంగతేంటి?

"తేనెటీగల్లో, చీమల్లో మగవాటికి తండ్రి ఉండడట, నిజమేనా? మరి పుట్టేది ఆడో మగో ఎలా తేలుతుంది?" అని అడిగారు.

నిజమే, కానీ అది సగం కథ. మిగతా సగం నేను మూడు తేనెటీగల పెట్టెలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

మొదటి సగం అందరూ చెప్పేదే. రాణి వయసుకొచ్చిన కొత్తలో గాల్లో ఎగురుతూ పది ఇరవై మగ ఈగలతో కలుస్తుంది. ఆ వీర్యాన్ని కడుపులో చిన్న సంచిలో దాచుకుని ఏళ్ళ తరబడి వాడుకుంటుంది. గుడ్డు పెట్టే ముందు ముందుకాళ్ళతో తేనెపట్టులోని గది వెడల్పు చూసుకుంటుంది. చిన్న గదైతే గుడ్డుకు వీర్యం కలుపుతుంది, ఆడది పుడుతుంది. పెద్ద గదైతే కలపదు, మగది పుడుతుంది. అందుకే ఆడదానికి 32 క్రోమోజోములు, మగదానికి 16. మగ ఈగకు తండ్రి ఉండడు గానీ తాత ఉంటాడు, అమ్మ వైపు నుంచి. మగ ఈగకు తండ్రి లేడన్న మాట 1845లోనే యూరప్‌లోని సైలీషియాలో జియర్జాన్ అనే చర్చి ఫాదరు తన పెట్టెలు చూసుకుంటూ చెప్పాడు. చీమలు, కందిరీగలదీ ఇదే దారి. చెదలను 'తెల్ల చీమలు' అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చెదలు చీమలు కావు, వాటిలో మగవాటికి కూడా తండ్రి ఉంటాడు.

ఇక నా గోల. నూజివీడు దగ్గర మా మామిడి తోటలో పెడదామని ఇటాలియన్ ఈగల పెట్టెలు నాలుగు కొన్నాను. అమ్మినాయన అన్నీ ఒకే తల్లి నుంచి విడదీసినవని గొప్పగా చెప్పాడు. మరుసటి ఏడాది నేనూ వాటిని విడదీసి ఎనిమిది చేశాను. చుట్టుపక్కల ఇటాలియన్ ఈగలు పెంచేవాళ్ళు ఇంకెవరూ లేరు. అంటే విడదీసిన పెట్టెల్లో పుట్టిన కొత్త రాణులకు దొరికిన మగ ఈగలన్నీ మా పెట్టెల్లోవే.

సంక్రాంతి దాటాక పట్టు ఉన్న ఒక ఫ్రేము పెట్టెలోంచి ఎత్తి చూస్తే గుండె జారింది. లోపల పిల్లలు పెరుగుతూ మూత వేసిన గదులు చాపలా పరుచుకుని ఉండాలి కదా, ఇదేమో అక్కడక్కడా గింజలు రాలిన మొక్కజొన్న కంకిలా ఉంది. ఒక గదికి మూత, పక్క గది ఖాళీ, ఆ పక్కదాంట్లో అప్పుడే పెట్టిన గుడ్డు. రోగమనుకుని పంచదార పాకంలో ఎవరో చెప్పిన మందేదో కలిపి పోశాను. డబ్బులు పోయాయి, కంతలు మాత్రం పోలేదు.

పొద్దుతిరుగుడు పూతకు పెట్టెలు తెచ్చే ఒక పెద్దాయనను పిలుచుకొచ్చాను. ఫ్రేము వాసన చూశాడు, ఖాళీ గదుల్లోకి తొంగి చూశాడు. చచ్చిన పురుగు లేదు, కుళ్ళు వాసన లేదు, గదులు తుడిచినట్టున్నాయి.

"అబ్బాయ్, ఇవన్నీ ఎవరి దగ్గర కొన్నావు?"

"ఒకాయన దగ్గరే బాబాయ్."

"అయితే ఇది రోగం కాదు, మేనరికం."

తర్వాత చదివితే తెలిసింది. ఆడో మగో తేల్చేది అసలు వీర్యం కాదు, ఒక జన్యువు. పేరు సీఎస్‌డీ, 2003లో పట్టుకున్నారు. దానికి రకాలు చాలా ఉన్నాయి. పిల్లలో రెండు వేర్వేరు రకాలు చేరితే ఆడది. తండ్రి లేక ఒక్కటే ఉంటే మగది. తండ్రి ఉండి కూడా రెండూ ఒకే రకమైతే? అదీ మగదే! కానీ ఆ మగదాన్ని కూలీ ఈగలు, అంటే పనిచేసే ఆడవి, బతకనివ్వవు, గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే తినేస్తాయి. నా ఫ్రేములో కంతలు అవే. రాణికున్న రెండు రకాల్లో ఒకటి ఉన్న మగదానితోనే కలిస్తే, కూలీలు కావలసిన గుడ్లలో సగం ఇలా పోతాయి. పది మందితో కలిసే అలవాటు రాణికి ఊరికే రాలేదు.

ల్యాబ్‌లో పరీక్ష చేయించావా అంటే, లేదు. అయినా నాకు అనుమానం లేదు. పెద్దాయన దగ్గర వేరే వంశం రాణులను మూడింటిని తెచ్చి ఆ పెట్టెల్లో పెడితే నెల తిరిగేసరికి ఫ్రేము నిండింది. రాణి మాత్రమే మారింది, ఈగలు అవే, తోట అదే. ఇంకేం రుజువు కావాలి? మీరు కొనేటట్టయితే ఇద్దరు ముగ్గురి దగ్గర, వేర్వేరు ఊళ్ళ నుంచి కొనండి.

అమ్మినాయనకు ఫోన్ చేసి అడిగాను కూడా. "ఒకే తల్లి బిడ్డలైతే కొట్టుకోకుండా ఉంటాయని ఇచ్చానండీ" అన్నాడు.