షీత్‌ను తొడుగు అనవచ్చా?

సందేహం: మా నాన్నగారికి మణికట్టు నుంచి గుండెకు స్టెంట్ వేశారు. డిశ్చార్జి కాగితంలో '6 ఫ్రెంచ్ షీత్' అని ఉంది. '6వ నంబరు ఫ్రాన్సు తొడుగు' అనవచ్చా? పక్క మంచం ఆయనకు 7 వాడారట. తేడా ఎంత?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: ఫ్రాన్సును వదిలేయండమ్మా. ఫ్రెంచ్ ఇక్కడ కొలత పేరు. 19వ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పరికరాలు చేసిన షారియేర్ పెట్టిన లెక్క. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 'నంబరు' కూడా వద్దు. ఇంజెక్షన్ సూదుల గేజిలో నంబరు పెరిగితే సూది సన్నబడుతుంది, ఇక్కడ లావవుతుంది.

నా పేచీ తొడుగుతోనే. తొడుగు వేలితోపాటు కదులుతుంది. షీత్ రక్తనాళంలో ఒకచోట కుదురుకుంటే, కాథెటర్లు, అంటే గుండె దాకా పంపే సన్నటి గొట్టాలు, అందులోంచి వచ్చిపోతుంటాయి. దానికి మనకు చక్కటి మాట ఉంది: ఒర. పాతవాళ్లు బండి ఱతో 'ఒఱ' అని రాసేవారు. తమిళంలో ఉఱై, కన్నడంలో ఒఱె. ఒర అనగానే కత్తే గుర్తొస్తుంది ఈకాలం వాళ్లకు. బావిలో దించే ఒరలు ఏమైపోయినట్టు? తమిళులు అలాంటి బావిని ఉఱైకిణఱు అంటారు. తమిళనాడులోని కీళడి తవ్వకాల్లో మట్టి ఒరల బావులే బయటపడ్డాయి. ఒరగల్లు (గీటురాయి), ఒరపిడి (రాపిడి) మాత్రం వేరే కుదురు, మామూలు ర. బండి ఱను బడిలోంచి తరిమేసి రెంటినీ కలగాపులగం చేసుకున్నాం. నిజానికి ఈ ఒఱ పెట్టేదే ఒరపిడి తప్పించడానికి. కాథెటర్ మార్చినప్పుడల్లా రాసుకుంటే నాళం బిగుసుకుపోతుంది.

ఇక తేడా. కాథెటర్ మీది అంకె దాని బయటి వెడల్పు. ఒర మీది అంకె లోపల పట్టే వెడల్పు. 6 ఫ్రెంచ్ కాథెటర్ 2 మిల్లీమీటర్లు. అది పట్టే ఒర బయటికి దాదాపు రెండున్నర. 7 అయితే మూడుకు దగ్గర. మణికట్టు ధమని చాలామందిలో రెండు, మూడు మిల్లీమీటర్ల మధ్యే కాబట్టి 7 కొందరికి ఇరుకు. లోపలి వెడల్పు తగ్గకుండా గోడ పలచన చేసిన ఒరలూ వచ్చాయి. అందుకే లోపలా బయటా చెప్పకుండా 'పెద్ద సైజు' అనేస్తే సగం మాటే.

కోశం తప్పు కాదు, సంస్కృతం. గొట్టం మరీ మోటు. తొడుగును తప్పని కొట్టేయలేను గానీ, నా ఓటు '6 ఫ్రెంచ్ ఒర'కే. ఆసుపత్రి ఫైల్లో మాత్రం షీత్ అనే ఉండనివ్వండి.