ఇఫ్‌లు పోవాలి, తప్పులన్నీ ఒకేసారి రావాలి

స్కాలా ప్రోగ్రామింగ్ భాషలో ఖాతా తెరిచే ఫంక్షన్‌కి పేరు, వయసు, ఈమెయిల్ వస్తాయి, సగం ఫంక్షన్ ఇఫ్ చెకింగులకే సరిపోతోంది, ఫర్‌లో ఈదర్ (తప్పైతే లెఫ్ట్, సరైతే రైట్ పట్టుకుని ఉండే టైప్) వాడితే మొదటి తప్పు దగ్గరే ఆగిపోతోంది అన్నారు కదా. ఇవి రెండు వేర్వేరు సమస్యలండి.

ముందు, వయసుని ఉత్త ఇంట్‌గా, అంటే మామూలు పూర్ణసంఖ్యగా తిప్పడం మానేయండి. దానికి సొంత టైప్ పెట్టి, కన్‌స్ట్రక్టర్‌ని ప్రైవేట్ చేసి, ఇంట్ తీసుకుని ఈదర్ ఇచ్చే ఫంక్షన్ ఒక్కటే బయటికి ఉంచండి. మైనస్ 5 ఇస్తే లెఫ్ట్, 30 ఇస్తే రైట్. ఆ గుమ్మం దాటిన వయసుని ఇంకెవరూ మళ్లీ చెక్ చేయక్కర్లేదు. స్కాలా 2లో మామూలు కేస్ క్లాస్ అయితే ఉన్నదాన్ని మార్చి కొత్తది చేసిచ్చే కాపీ మెథడ్ అనే దొడ్డిదారి మిగిలే ఉంటుంది, చూసుకోండి. స్కాలా 3లో ఆ బెడద లేదు.

ఇక రెండోది. ఫర్ అంటే లోపల ఫ్లాట్‌మ్యాపే. ముందుది గెలిస్తేనే తర్వాతది నడుస్తుంది, అందుకే ఆగుతోంది. మీ మూడు ఫీల్డులకీ ఒకదానితో ఒకదానికి పని లేదు కాబట్టి క్యాట్స్ లైబ్రరీలోని పార్‌మ్యాప్‌ఎన్ వాడండి. మూడు ఈదర్‌లనీ టపుల్‌గా (బ్రాకెట్లో ఒక గుంపుగా) ఇస్తే తప్పులన్నీ పోగేసి ఇస్తుంది. లెఫ్ట్‌లో మాత్రం నాన్‌ఎంప్టీచెయిన్ (కనీసం ఒకటైనా ఉండే క్యాట్స్ జాబితా) పెట్టండి. ఉత్త స్ట్రింగ్ పెట్టినా కంపైల్ అవుతుంది కానీ మెసేజులన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి వస్తాయి, చూడ్డానికి ఘోరంగా ఉంటుంది.

ఒక ఫీల్డు ఇంకోదాని మీద ఆధారపడే చెక్ ఏదైనా ఉంటే, పార్‌మ్యాప్‌ఎన్ తర్వాత ఫ్లాట్‌మ్యాప్‌తో తగిలించండి.