ఒంట్లో మంటా, వాపా?

సందేహం: “గాయమైనప్పుడు రోగనిరోధక వ్యవస్థ మంటను ప్రేరేపిస్తుంది” అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. మొన్న నా మడమ బెణికింది. వాచింది, సలిపింది, మంట మాత్రం లేదు. ఇన్‌ఫ్లమేషన్‌ను మంట అనవచ్చా?

సమాధానం: అనకూడదు. ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకు మూలమైన లాటిన్ క్రియకు నిప్పంటించడం అని అర్థం. అనువాదకులు ఆ నిప్పునే తెలుగులోకి తెచ్చారు. మనకు ఒంటి విషయంలో మంట అంటే ఒక బాధ: కళ్లు మంట, కడుపులో మంట. “పసుపు ఒంట్లో మంట తగ్గిస్తుంది” అని రాస్తే, ఛాతీలో మంటతో బాధపడేవారు అది తమకు మందనుకుంటారు. మాట తప్పితే వైద్యమూ తప్పుతుంది.

మీ మడమలో జరిగింది ఇదీ. దెబ్బతిన్న కణాల్లోని పదార్థాలు బయటికి వస్తాయి. అక్కడే కాపున్న మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వాటిని పసిగడతాయి. మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. సన్నని రక్తనాళాలు విప్పారి రక్తం ఎక్కువగా పారుతుంది. అందుకే ఆ చోటు ఎర్రబడి వెచ్చబడుతుంది. నాళాల గోడల సందుల్లోంచి ద్రవం ఊరి మడమ వాస్తుంది. ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్ అనే రసాయనాల వల్ల నొప్పి. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలూ చేరతాయి. ఇందులో సూక్ష్మజీవి ఒక్కటీ లేదు కాబట్టి దీన్ని ఇన్‌ఫెక్షన్ అనడమూ పొరపాటే.

ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు లక్షణాలు చెప్పాడు. నాలుగింటికీ మనకు ఇంటి మాటలున్నాయి.

శాస్త్రగ్రంథాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను శోథ అంటారు. అది వాపు కన్నా లోతైన మాటేమీ కాదు. దాని మూలమైన ‘శ్వి’ ధాతువుకు ఉబ్బడమనే అర్థం. సుశ్రుత సంహిత వ్రణశోథకు, అంటే పుండుగా మారే వాపుకు, ఆమ (పచ్చిది), పచ్యమాన (పండుతున్నది), పక్వ (పండినది) అని మూడు దశలు చెప్పింది. “గడ్డ పక్వానికొచ్చింది” అని మన పెద్దవాళ్లు అనేదీ ఆ పక్వమే. ఈ మాట వింటే నాకెంతో సంతోషం.

ఇన్‌ఫ్లమేషన్‌ను వాపు అనడంలోనూ ఒక చిక్కుంది. గుండెజబ్బులో కాళ్లు వాచినా అది ఇన్‌ఫ్లమేషన్ కాదు. అక్కడ “నీరు పట్టింది” అనాలి. పైకి కనిపించకుండా ఏళ్ల తరబడి లోపల సాగేదాన్ని ఇన్‌ఫ్లమేషన్ అనే రాసి, ఒకసారి వివరిస్తే చాలు.

మీరు చూపిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “దెబ్బ తగిలిన చోట వాపు వచ్చేది రోగనిరోధక వ్యవస్థ వల్లే.” ‘ప్రేరేపిస్తుంది’ అక్కర్లేదు. తెలుగులో వాపు వస్తుంది.